వలీ అన్న వంతు

మొన్న ఆదివారం పొద్దున్నే మా టెన్నిస్ క్లబ్బులో మోటారు కాలిపోయింది. ఆ వారం కోర్టు తడిపే వంతు నాది. సంపు పక్కనున్న స్విచ్ వేస్తే రెండు నిమిషాలు మామూలుగానే తిరిగింది. ఆ తర్వాత ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. మూత సందుల్లోంచి సన్నగా పొగ లేచింది, వెంటే వార్నిషు మాడిన వాసన. రాగి తీగ మీద పూసే వార్నిషు కాలితే కాస్త తీపిగా, కాస్త ఘాటుగా ఉంటుంది. ఒకసారి ముక్కుకు పట్టిందంటే మధ్యాహ్నం దాకా వదలదు. పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకుని దూరం జరిగారు. నేను మాత్రం గొట్టం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఖాదర్ వలీ గారి చొక్కాకు ఎప్పుడూ ఇదే వాసన ఉండేది. ఆయన పోయి ఏడాది దాటింది.

వలీ గారిది నంద్యాలలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు. చుట్టుపక్కల పల్లెల్లో కాలిపోయిన బోరు మోటార్లు ట్రాక్టర్లెక్కి వచ్చి ఆ షాపు ముందు పడేవి. ఆయన వాటి పొట్ట విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త రాగి తీగ చుట్టి పంపేవారు. మనిషి పొట్టి. మణికట్లు మాత్రం లావు. వేళ్ళ కొసల నిండా తీగ కోసిన సన్నటి గీతలు. తెల్ల కాన్వాసు బూట్లు ప్రతి శనివారం ఉతికి సుద్ద పూసి ఆరబెట్టుకునేవారు. క్లబ్బులో డాక్టరు మొదలుకుని బియ్యం మిల్లు యజమాని దాకా అందరూ ఆయన్ని ‘వలీ అన్నా’ అనే పిలిచేవారు. నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దయినా నేనూ అలాగే పిలిచాను.

ఆయన టెన్నిస్‌కు వచ్చిన దారి కూడా ఆ మోటారే. పాతికేళ్ళ కిందటి మాటట. క్లబ్బు మోటారు చెడిపోతే బాగుచేయడానికి వచ్చి, పనయ్యాక గట్టు మీద కూర్చుని ఆట చూస్తూ ఉండిపోయారు. నాలుగో మనిషి రాలేదని ఎవరో రాకెట్ చేతికిచ్చారు. ఆ రోజు ఒక్క బంతి కూడా వలకు అవతల పడలేదని ఆయనే నవ్వుతూ చెప్పేవారు. తర్వాత రోజూ వచ్చారు, సభ్యుడయ్యారు. కొన్నాళ్ళకు కోర్టు చూసుకునే మాలి పని మానేశాడు. ఇంకో మనిషి దొరకలేదు. మట్టి కోర్టుకు వారం రోజులు నీళ్ళు పడకపోతే పెచ్చులు లేస్తుంది. మూసేద్దామా అని పెద్దలు మాట్లాడుకుంటున్నప్పుడు వలీ అన్న లేచి, “ఆడేటోళ్ళం ఇరవై మంది ఉండాం. ఊడ్చేటోడు ఒకడు లేడని మూస్తారా?” అని అడిగారట. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. అలా మొదలైంది మా క్లబ్బులో వంతుల పద్ధతి. షెడ్డులో ఒక నల్లబోర్డు, దాని మీద సుద్దముక్కతో వారానికి ఐదుగురి పేర్లు. ఒకరు తడపాలి, ఇద్దరు రోలర్ లాగాలి, ఒకరు ఊడ్చాలి, ఒకరు సున్నంతో గీతలు వేయాలి. పేరు పక్కన డాక్టరనీ వకీలనీ ఉండదు.

ఇదంతా తెలియకుండానే పన్నెండేళ్ళ కిందట ఒక ఉదయం నేను కొత్త బూట్లు వేసుకుని ఆ గేటు తీశాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆళ్ళగడ్డలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా అమ్మతో నంద్యాలలోనే ఉంటూ రోజూ బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఆడిన టెన్నిస్ మళ్ళీ ఆడాలనిపించింది. క్లబ్బులో ఆడవాళ్ళు ఒక్కరూ లేరని ముందే విన్నాను. ఎవరేమన్నా సమాధానం చెప్పడానికి దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను. గీత పక్కన గొంతుక్కూర్చుని మట్టి సర్దుతున్న పొట్టి మనిషి తలెత్తి చూశాడు.

“ఎవురమ్మా నువ్వు? ఆడేదానికొచ్చినావా, చేరేదానికొచ్చినావా?”

“రెండూ ఒకటే కదా?” అన్నాను.

“కాదులే. ఆడేదానికైతే ఆడ గట్టు మీద కూర్చో, ఖాళీ అయితే పిలుస్తారు. చేరేదానికైతే ఇది పట్టు.” అంటూ పొడుగు కర్ర చీపురు నా వైపు చాపాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కూడబలుక్కున్న మాటలన్నీ పక్కకు పోయి, “ఆడదాన్ని కాబట్టి రాగానే చీపురిస్తున్నారా?” అని గట్టిగానే అడిగాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. గడ్డంతో అవతలి కొస చూపించాడు. అక్కడ మా వీధి పిల్లలందరికీ సూదులు వేసే డాక్టరు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని రెండు చేతులా బకెట్లు మోస్తున్నారు. ఆయన వెనక ఒక బట్టల దుకాణం శెట్టిగారు రోలర్ లాగలేక ఆయాసపడుతున్నారు.

“చీపురుకు ఆడా మగా తెల్దు పాపా. నాకు నిన్నటిదాకా తిప్పలే, ఈ పొద్దు నుంచి నీకు” అన్నాడు.

ఆ ఉదయం నేను కోర్టంతా ఊడ్చాను. ఆట దొరకలేదు. కాలేజీకి టైమైపోయింది. బస్సులో కూర్చుంటే అరచేతుల్లో పొక్కులు. కానీ నేనూడ్చిన మట్టి మీద నలుగురు ఆడుతుండగా చూసి వచ్చాను. మనది అనుకోవడానికి అదొక్కటే చాలని నాకప్పుడు తెలియదు, ఏదో ధీమా మాత్రం కలిగింది. మర్నాడు నాయకురాలిలా నడుచుకుంటూ వెళ్ళాను.

మా క్లబ్బులో రాతలో లేని కట్టుబాట్లు చాలా ఉండేవి. బాగా ఆడేవాళ్ళు రోజూ ఒక సెట్టు అందరికంటే తక్కువ ఆడేవాళ్ళతో ఆడాలి. ఓడిన జట్టు వల దింపాలి, గెలిచిన జట్టు బంతులు ఏరాలి. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు గీతది. మాకు అంపైర్లు లేరు. బంతి ఎవరి వైపు పడితే లోపలా బయటా అన్నది వాళ్ళే చెప్పాలి. వాళ్ళు చెప్పింది అవతలివాళ్ళు ఒప్పుకోవాలి. అనుమానం ఉంటే పాయింటు అవతలివాళ్ళకే. “మన పక్క పడిన బాలుకు మనమే సాక్షి. సాక్షి చెడితే ఆటే లేదు” అనేవారు వలీ అన్న. అందరూ తలూపేవారు. నేనూ ఊపాను. మాట ఒప్పుకోవడం ఎంత సులువో, నిలబెట్టుకోవడం ఎంత కష్టమో నాకు రెండో ఏడు తెలిసింది.

ఏటా ఎండాకాలంలో నంద్యాల వాళ్ళకూ ఆళ్ళగడ్డ వాళ్ళకూ ఒక పోటీ జరిగేది. ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ. ఆ ఏడు ఆళ్ళగడ్డలో. డబుల్స్‌లో వలీ అన్న తన జోడీగా నన్ను తీసుకున్నారు. క్లబ్బులో నాకంటే బాగా ఆడేవాళ్ళు ఐదారుగురు ఉన్నారు. నన్నెందుకు తీసుకున్నారని అడిగితే, “నువ్వు పరిగెత్తుతావు, నేను నిలబడతా. సరిపోతాది” అన్నారు. ఆళ్ళగడ్డ నేను పాఠాలు చెప్పే ఊరు. మా కాలేజీ నుంచి నలుగురు లెక్చరర్లు చూడ్డానికి వచ్చారు. అందులో ఒకాయన అంతకుముందు స్టాఫ్ రూములో ‘మేడం ఆట అంటే షటిల్ కాక్ కొట్టడమేగా’ అని నవ్విన మనిషి. ఆయన ముందు గెలవాలన్న పట్టుదల నాకు ఎంతగా పెరిగిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

అవతలి జోడీలో పెద్దాయన ఓబులేసు గారు. ఆళ్ళగడ్డలో విత్తనాల అంగడి ఆయనది. పొడుగు మనిషి, నిదానం. చెరొక సెట్టు గెలిచాం. ఆఖరి సెట్టులో మేము ఐదు గేములు, వాళ్ళు నాలుగు. ఇంకొక్క పాయింటు వస్తే ఆట మాది. ఓబులేసు గారు ఎత్తి కొట్టిన బంతి నా తల మీదుగా పోయి వెనక గీత దగ్గర పడింది. నేను వెనక్కి తిరిగి పరిగెత్తుతూనే చూశాను. సున్నం లేచింది. పిండి చల్లినట్టు తెల్లగా లేచింది. గీత మీద పడితేనే సున్నం లేస్తుంది. అది నా కళ్ళు చూశాయి. నోరు మాత్రం “అవుట్!” అని అరిచింది.

చప్పట్లు మొదలయ్యాయి. ఓబులేసు గారు వల దగ్గరికి వచ్చి, “గీత మీద పడినట్టుండె మేడం” అన్నారు, నెమ్మదిగానే. వలీ అన్న నా వైపు తిరిగారు.

“చూసినావా పాపా?”

“చూశా అన్నా. బయటే.”

ఆయన మరో మాట అడగలేదు. ఓబులేసు గారి వైపు తిరిగి, “మా పాప చూసిందంట. ఐపోయింది. దాని మాట మీద ఇంగో మాట ఏందీ?” అని గొంతు పెంచి అన్నారు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఓబులేసు గారు తలూపి చెయ్యి కలిపారు. కప్పంటే స్టీలు బిందె. దాన్ని నా చేతికిచ్చారు. కాక్ కొట్టడమన్న లెక్చరర్ వచ్చి కంగ్రాచ్యులేషన్స్ చెప్పాడు. నేను నవ్వాను.

సాయంత్రం నాలుగు గంటల బస్సు ఎక్కాం. అహోబిలం నుంచి తిరిగొస్తున్న భక్తులతో బస్సు కిక్కిరిసి ఉంది. డాక్టరు గారూ మిగతావాళ్ళూ వెనక నిలబడ్డారు. నాకూ వలీ అన్నకూ సీటు దొరికింది. బిందె నా ఒళ్ళో ఉంది. ఆయన కిటికీలోంచి చూస్తూ హుషారుగా మాట్లాడుతూ వచ్చారు. శిరివెళ్ల దగ్గర పడేసరికి వరిగడ్డి ట్రాక్టర్లు అడ్డమొచ్చి బస్సు నెమ్మదించింది. అప్పుడన్నారు, “ఈ పొద్దు నీ కన్నే మనల్ని కాపాడింది పాపా. నాకైతే ఆ మూల కనపడనే లేదు.”

ఆ మాట లేకపోతే నేను చెప్పేదాన్ని కాదేమో. నిజంగా చెప్పేదాన్ని కాదనే అనుకుంటున్నాను. బిందె అంచు గట్టిగా పట్టుకుని, “అన్నా, ఆ బాలు గీత మీద పడింది. నేను చూశాను” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ముందు సీటు కమ్మీ మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. కండక్టరు ‘శిరివెళ్ల, శిరివెళ్ల’ అని అరిచాడు. వలీ అన్న లేచి నిలబడ్డారు.

“దిగు.”

నన్ను దారిలో దింపేస్తున్నారనుకున్నాను. కానీ ఆయనే నాకంటే ముందు దిగారు. వెనక నుంచి డాక్టరు గారు తొంగిచూసి, “ఏమైంది వలీ అన్నా? యాడికి?” అని అడిగారు. ఆయన రెండు ముక్కల్లో చెప్పారు. డాక్టరు గారు నా ముఖం చూసి, “సరే, రేపు ఫోన్ చేసి చెప్పొచ్చు గదా. పాప అలిసిపోయింది” అన్నారు.

“ఫోన్లో ముఖం కనపడదు డాక్టరు సారూ” అన్నారు వలీ అన్న. బస్సు కదిలిపోయింది.

శిరివెళ్ల స్టాపులో, అటువైపు వెళ్ళే బస్సు కోసం అరగంట నిలబడ్డాం. గడ్డి దుమ్ము గాలిలో తేలుతోంది. ఒళ్ళో ఉన్నంతసేపూ తేలిగ్గా ఉన్న బిందె చంకలోకి రాగానే బరువెక్కింది. దాన్ని ఇంకో చంకలోకి మార్చుకుంటూ, “తిట్టండి అన్నా. కోపం రాలేదా?” అన్నాను.

“వచ్చినాది. నీ మీద కాదు, ముందు నా మీద. ఓబులేసు నిజం చెప్పినాడు. ఆయప్ప నిజాన్ని నేను నోరేసుకోని అబద్ధం చేసినా, అంతమంది ముందర. నువ్వు ఒక బాలు తప్పు చెప్పినావు. నేను ఒక మనిషిని తప్పు చేసినా.” బస్సు వచ్చే వైపు చూస్తూ, “నీ మాట నమ్మినందుకు బాధ ల్యా. రేపు కూడా నమ్మాల గదా, అందుకే పోతాండాం” అన్నారు.

మేము చేరేసరికి ఆళ్ళగడ్డ వాళ్ళు ఇంకా కోర్టు మీదే ఉన్నారు. నీడలు పొడుగయ్యాయి కానీ వెలుతురుంది. ఓబులేసు గారు చీపురు పట్టుకుని ఊడుస్తున్నారు. వలీ అన్న గేటు దగ్గరే ఆగిపోయి, వెళ్ళు అన్నట్టు తల ఆడించారు. ఆ ఇరవై అడుగులు నా జీవితంలో చాలా దూరం నడిచినట్టే గుర్తు. బిందె ఆయన ముందు పెట్టి, బంతి గీత మీద పడిందనీ, చూసి కూడా బయట అన్నాననీ చెప్పాను.

ఓబులేసు గారు చీపురు గోడకానించారు. “ఈ మాటకు శిరివెళ్ల నుంచి మళ్ళుకోనొచ్చినారా?” అని నవ్వారు. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. “బాలు లోపల పడిందని మాకు అప్పుడే తెలుసు మేడం. అది మీకు తెలుసో తెలదో, అదే మాకు తెలదు. మీరు పోయినప్పట్నుంచి దాని గురించే అనుకుంటాండాం.”

ఈలోగా వలీ అన్న వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నారు. “నీ మీద గొంతు లేపినా ఓబులేసూ. తప్పు నాది.” ఓబులేసు గారు ఆ చెయ్యి విడిపించుకోకుండానే, “మాటలేమిటికి అన్నా, రాకెట్లుండాయి గదా? ఆ పాయింటు మాది. ఆడ్నుంచి ఆడదాం పా” అన్నారు.

వల మళ్ళీ బిగించారు. ఆ గేములో స్కోరు సమానం అయింది. చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ లేరు. కబురు పంపితే ఓబులేసు గారి జోడీ తన అంగడి నుంచి పరిగెత్తుకుని వచ్చాడు. నేను ఆ రోజు ఆడినంత బాగా అంతకుముందెప్పుడూ ఆడలేదు. అయినా ఓడిపోయాం, ఏడు–ఐదు. ఓడిన జట్టు కాబట్టి వల మేమే దింపాం. తిరుగు బస్సులో వలీ అన్న కిటికీకి తలానించి నిద్రపోయారు. ఆ ఆట గురించి ఆయన మళ్ళీ ఎప్పుడూ, ఎవరి ముందూ ఎత్తలేదు.

ఆ ఏడు సభ్యుల సమావేశంలో బోర్డు రాసే బాధ్యతకు నా పేరు చెప్పింది ఆయనే. అది మా క్లబ్బులో అన్నిటికంటే పెద్ద పదవి. ఎవరి వంతు ఎప్పుడు, ఏ పని అన్నది ఆ మనిషే నిర్ణయించాలి. “ఓడిపోయినవాళ్ళకు పదవులిస్తున్నారా అన్నా?” అని అడిగాను. “ఓడిపోయినోళ్ళు శానా మంది ఉండారు. మళ్ళుకోనొచ్చినోళ్ళు తక్కువ” అన్నారు.

నంద్యాల జిల్లా అయ్యాక ఊళ్ళోకి కొత్త ఆఫీసులు, కొత్త ఆఫీసర్లు వచ్చారు. ఒక ఆఫీసరు గారు క్లబ్బులో చేరారు. మంచి ఆటగాడు. ఆయన వంతు వచ్చిన రోజున ఆయన బదులు అటెండరు వచ్చి రోలర్ పట్టుకున్నాడు. నేను వలీ అన్న వైపు చూశాను. “నా దిక్కు చూస్తావేందీ? సుద్దముక్క నీ చేతిలో ఉండాది” అన్నారు. నేను అటెండరుకు టీ ఇప్పించి, ఇది సభ్యులు చేసే పని, మీరు సభ్యులు కారు కదా అని చెప్పి పంపించాను. ఆఫీసరు గారు మర్నాడు ముఖం గంటు పెట్టుకుని వచ్చారు. “నాకున్న పనుల్లో ఇదొకటా మేడం?” అన్నారు. “నిజమే సార్, మీకు చాలా పనులు. అందుకే వారానికి ఐదుగురం. మీరు రాకపోతే మిగతా నలుగురు మీది కూడా లాగుతారు. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు” అన్నాను. ఆయన వాచీ తీసి జేబులో పెట్టుకుని రోలర్ పిడి అందుకున్నారు. బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఆ రోలర్ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

బోర్డు రాయడంలో నాకు ఆ తర్వాత చాలా నమ్మకం వచ్చింది. ఆ నమ్మకంతోనే పెద్ద పొరపాటు చేశాను.

వలీ అన్నకు గుండెనొప్పి వచ్చింది. కర్నూలు తీసుకెళ్ళి స్టెంటు వేశారు. రెండు నెలలు ఇంటికే పరిమితమయ్యారు. ఈలోగా మేమంతా కూర్చుని మాట్లాడుకుని, ఆయన్ని గౌరవ సభ్యుణ్ణి చేయాలని, ఇక మీదట ఏ వంతూ వేయకూడదని తీర్మానించాం. అందరికీ ఆయనంటే ప్రాణం. ఒక్కరూ కాదనలేదు. బోర్డు మీద ఆయన పేరు నేనే తుడిచాను. తుడిచేటప్పుడు మంచి పని చేస్తున్నానన్న తృప్తి కూడా కలిగింది.

ఆయన తిరిగొచ్చిన రోజు శాలువా తెచ్చి సిద్ధంగా పెట్టుకున్నాం. సన్నబడ్డారు, నడక నెమ్మదించింది. బూట్లకు మాత్రం సుద్ద పూసుకొచ్చారు. నేరుగా షెడ్డులోకి వెళ్ళి బోర్డు ముందు నిలబడ్డారు. పైనుంచి కింది దాకా చదివారు. మళ్ళీ చదివారు.

“నా పేరు యాడ?”

డాక్టరు గారు ముందుకొచ్చి, “నిన్ను గౌరవ సభ్యుణ్ణి చేసినాం వలీ అన్నా. ఇంగ నువ్వు కూర్చోని ఆట చూడు, చాలు” అన్నారు.

“గౌరవమా?” ఆయన గొంతు పెద్దగా లేదు. “ఎవురు తుడిచింది?”

“నేను” అన్నాను.

“నన్ను అడిగినావా?”

“లేదన్నా. మీ ఆరోగ్యం…”

“నా ఆరోగ్యం నాకు తెలదా? రోలర్ లాగలేనని నాకు తెలదా? నువ్వొచ్చి, వలీ అన్నా, ఇంగ నువ్వేం చేయగలవు అని ఒక్క మాట అడిగింటే నేనే చెప్పేవాణ్ణి గదా. పని ల్యాకపోతే ఈడ నేను ఎవుర్ని?” శాలువా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గేటు తీసుకుని వెళ్ళిపోయారు.

తొమ్మిది రోజులు రాలేదు. పదో రోజు కాలేజీ అయిపోయాక నంద్యాల బస్టాండులో దిగి నేరుగా ఆయన షాపుకు వెళ్ళాను. కొడుకు పక్కన నిలబడి చూస్తుంటే ఆయన స్టూలు మీద కూర్చుని ఒక చిన్న మోటారుకు తీగ చుడుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. చుట్లు లెక్కపెడుతున్నారు. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది. గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూశాను. చుట్టడం అయ్యాక తీగ కొస కత్తిరించి, అప్పుడు తలెత్తారు.

“అన్నా, తప్పు చేశాను” అన్నాను. “ఇప్పుడు అడుగుతున్నా. ఏ పని రాయమంటారు?”

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నారు. తన వేళ్ళ వైపు ఒకసారి చూసుకున్నారు.

“నెట్టు. నడుమ నాలుగు కాడ తెగిండాది. మీరెవ్వురూ చూల్లే. ముడి వేసేది నాకు తెలుసు” అన్నారు. ఆపైన కొడుకు వైపు తిరిగి, “అక్కకు కుర్చీ వెయ్యప్పా, నిలబెట్టినావేందీ?” అని కసురుకున్నారు. ఆ కసురు వింటే నాకు ఊపిరి తిరిగింది.

మర్నాడు బోర్డు మీద రాశాను: ‘వల – ఖాదర్ వలీ’. ఆయన షెడ్డు నీడలో స్టూలు వేసుకుని, వల ఒళ్ళో పరుచుకుని, తెగిన కళ్ళు ఒక్కొక్కటే ముడి వేసేవారు. ముడి వేస్తూనే అవతల ఆడేవాళ్ళ తప్పులు అరిచి చెప్పేవారు. ఆయన బాగుచేసిన చోట వల మిగతా చోట్ల కంటే గట్టిగా ఉండేది. రెండేళ్ళు ఆ పని చేశారు. ఒక్క వారం కూడా తప్పలేదు.

పోయిన ఏడు చలికాలంలో, నిద్రలోనే పోయారు. మేమంతా వెళ్ళాం. ఆళ్ళగడ్డ నుంచి ఓబులేసు గారు కూడా వచ్చి మట్టి వేశారు. మర్నాడు పొద్దున నాకు ఇంట్లో కాలు నిలవక క్లబ్బుకు వెళ్ళాను. ఎవరూ ఉండరనుకున్నాను. అప్పటికే డాక్టరు గారు తడుపుతున్నారు. శెట్టిగారు గీతలు వేస్తున్నారు. ఒక్కొక్కరే వచ్చి, వంతున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఏదో ఒక పని అందుకున్నారు. రోలర్ దగ్గర ఇద్దరికి బదులు ఆరుగురు చేరారు. కోర్టు అద్దంలా తయారైంది. వల బిగించాం. ఆ తర్వాత ఎవరూ రాకెట్ ముట్టుకోలేదు. గట్టు మీద కాసేపు కూర్చుని, అలా వదిలేసి ఎవరి పనులకు వాళ్ళం వెళ్ళిపోయాం. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అంతమందికి ఒకే ఆలోచన ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు, ఆయన మాతో పాతికేళ్ళు పని చేయించారు.

నా ఆట పెద్దగా మెరుగుపడలేదు. ఎడమ వైపు వచ్చే బంతి ఇప్పటికీ వలకే కొడతాను. దాని గురించి నాకు బెంగ లేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది వేరే చోట అక్కరకొస్తోంది. ఈ మధ్య మా కాలేజీలో పరీక్షల డ్యూటీలు వేసే పని నాకప్పగించారు. మా తెలుగు లెక్చరర్ గారికి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. నడుము నొప్పి, మూడు గంటలు హాల్లో నిలబడలేరు. ఆయన పేరు తీసేయమని స్టాఫంతా నాతో చెప్పారు. అందరిదీ మంచి మనసే. నేను కాగితం మడిచి పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

“సార్, మిమ్మల్ని డ్యూటీ నుంచి తప్పించమంటున్నారు. మీరేమంటారు?”

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తనను ఎవరూ ఏదీ అడగనట్టు నా ముఖంలోకి చూశారు. “గేటు కాడ ఒక కుర్చీ వేయించమ్మా. హాల్ టికెట్లు నేను చూస్తా. పిల్లోళ్ళు భయపడుతుంటారు, ఒక మాట చెప్పి లోపలికి పంపిస్తా” అన్నారు.

పరీక్షలు జరిగినన్ని రోజులూ అందరికంటే ముందు వచ్చింది ఆయనే. నేను చేసింది ఒక్క మాట అడగడం. అడగకుండా మంచి చేయడం నాకు ముందునుంచీ వచ్చు. అడిగి చేయడం మాత్రం, తొమ్మిది రోజులు నాతో మాట్లాడకుండా ఉండి, వలీ అన్న నేర్పారు.